బోనం గిన్నె అడుగున సుత్తి దెబ్బలు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఎవరూ చావరు. ఇల్లు కాలదు. పోలీసులు రారు. అయినా నా జీవితంలో ఇంతకు మించిన ఘోరం మరొకటి జరగలేదు. ఆషాఢమాసం, ఆదివారం, సన్నగా వాన. మా ఛత్రినాక బస్తీలో డప్పులన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, జనం రెండు పక్కలకూ జరిగి దారి వదిలారు. అందరి కళ్ళూ గొడుగు పట్టుకుని నిలబడ్డ నా మీద పడ్డాయి. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. గోడ ఉంది.

ఇన్నేళ్ళ తర్వాత ఈ సంగతి ఎందుకు తవ్వుతున్నానంటే, మొన్న మా ఆవిడ సువర్ణ, నేను ఇండక్షన్ పొయ్యి కొనడానికి వెళ్ళాం. దుకాణంలో అమ్మే అమ్మాయి ఒక చిన్న అయస్కాంతం తీసి గిన్నెల అడుగున పెట్టి చూపించింది. అంటుకుంటే ఆ గిన్నె పనికొస్తుందట, జారిపోతే పనికిరాదట. ఇత్తడి, సిల్వర్, రాగి ఏవీ దీని మీద పెట్టొద్దంది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. "ఇంకోటి అంకుల్, గిన్నె అడుగు సాపుగా ఉండాలి. వంపు ఉంటే సరిగ్గా వేడెక్కదు" అంది. సువర్ణ మెల్లగా తల తిప్పి నా వైపు చూసింది. తర్వాత ఆ అమ్మాయితో, "ఆ ముచ్చట ఈయన ముంగట అనకు బిడ్డా" అంది. అమ్మాయికి అర్థం కాలేదు. మీకు అర్థమయ్యేలా చెప్తాను.

అవి ఎనభైల తొలినాళ్ళు. నేను సర్కారు వర్క్‌షాపులో ఫిట్టర్‌ని. ఆ పని నేర్చుకునేటప్పుడు మొట్టమొదట చేతికి ఒక ఇనుప దిమ్మె, ఒక ఆకురాయి ఇచ్చి, సాపు చెయ్యమంటారు. రుద్ది రుద్ది, దాని మీద స్టీలు స్కేలు నిలబెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడాలి. స్కేలు కిందనుంచి వెంట్రుకంత వెలుతురు కనిపించినా మళ్ళీ రుద్దాలి. నెలల తరబడి ఇదే పని. ఆ తర్వాత మనిషి మామూలు మనిషిగా మిగలడు. బల్ల కనిపించినా, గడప కనిపించినా, ముందు పెట్టిన అన్నం పళ్ళెం కనిపించినా, దాని కింద వెలుతురు వస్తోందా అని చూస్తాడు.

సువర్ణను చూడటానికి కార్వాన్ వెళ్ళినప్పుడు నన్ను కూర్చోబెట్టిన స్టూలు ఒక కాలు ఊగింది. నేను పిల్లను చూడకుండా తల వంచుకుని ఆ కాలునే చూస్తూ కూర్చున్నాను. బయటికి వచ్చాక మా అమ్మ తిట్టింది. వాళ్ళు మాత్రం పిల్లవాడు తల ఎత్తలేదు, ఎంత సిగ్గో, ఎంత బుద్ధిమంతుడో అనుకున్నారట. నా పెళ్ళి ఆ స్టూలు చలవ.

పెళ్ళయ్యాక మా ఇంట్లో ముగ్గురం. బాపు అప్పటికే పోయారు. అమ్మ, నేను, కొత్తగా వచ్చిన సువర్ణ. కిరోసిన్ దొరికితే స్టవ్వు, దొరక్కపోతే కట్టెల పొయ్యి. కిరోసిన్ దొరకడం రేషన్ దుకాణంవాడి దయ, కట్టెలు మండటం వరుణదేవుడి దయ. వానాకాలం వస్తే ఇద్దరికీ మా మీద దయ ఉండేది కాదు. తడికట్టెల పొగకు సువర్ణ కళ్ళు రెండూ ఎర్రగా ఉబ్బేవి. ఆమె ఏమీ అనేది కాదు. అసలు ఆమె గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. ఏదన్నా చెప్తే మళ్ళీ అడగాల్సి వచ్చేది. అంత నెమ్మది మనిషి కళ్ళు తుడుచుకుంటూ రొట్టె కాలుస్తుంటే నాకు చాలా బాధేసేది. అందుకే శాలిబండకు వెళ్ళి కరెంటు పొయ్యి కొన్నాను.

దాన్ని హాట్‌ప్లేటు అనేవాళ్ళు. తీగచుట్ట పైకి కనిపించే చవకరకం హీటరు కాదు. పైన నల్లటి మందపాటి ఇనుప పళ్ళెం, తీగంతా దాని లోపల. దుకాణం ఖలీల్ భాయ్‌ది. నాకు చాయ్ తెప్పించి, ఎలా వాడాలో అంతా ఓపిగ్గా చెప్పాడు. తడిచేతులతో ముట్టొద్దు. కింద చెక్కపీట వేసుకుని నిలబడాలి. మూడు పుల్లల ప్లగ్గే పెట్టాలి, ఎర్తు లేని చోట వాడొద్దు. వైరు పళ్ళానికి తగలనివ్వొద్దు. అన్నీ అయ్యాక అసలు మాట చెప్పాడు. "సపాట్ పేందీకా బర్తన్ హోనా భాయ్. గోల్‌వాలా నక్కో."

అడుగు సాపుగా ఉన్న గిన్నెలే కావాలి, గుండ్రటివి వద్దు అని. అడుగు మొత్తం పళ్ళానికి ఆనకపోతే వేడి గాలికి పోతుందని, మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుందని వివరించి, దళసరి అడుగున్న సాపు గిన్నెలు తీసి నా ముందు వరుసగా పెట్టాడు. నేను వాటిని చూసి నవ్వాను. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి. సాపు చెయ్యడమే బతుకుదెరువుగా ఉన్నవాడు సాపుగా ఉన్నవి కొనుక్కుంటాడా? "నక్కో భాయ్. ఇంట్ల ఉన్నయి, నేనే సపాట్ చేసుకుంట" అన్నాను. ఖలీల్ భాయ్ నన్ను కాసేపు చూశాడు. "ఆప్‌కీ మర్జీ" అని, ఇక నీ ఇష్టమన్నట్టు, తన చాయ్ తను తాగేశాడు.

ఇంటికి తెచ్చి వంటింట్లో ఉపన్యాసం మొదలుపెట్టాను. చేతులు తుడుచుకోవాలి, పీట ఎక్కాలి, రబ్బరు చెప్పులు వేసుకుంటే ఇంకా మంచిది అన్నాను. వంటింట్లో చెప్పులనేసరికి అమ్మ మొహం మారిపోయింది. అన్నపూర్ణ ఉండే చోట చెప్పులేమిటని, తను బతికుండగా అది జరగదని తేల్చి చెప్పింది. చెప్పులు రద్దయ్యాయి, పీట మిగిలింది. ఇదంతా ఎందుకు, ఎర్రగా మండకపోతే అది కాలిందని తెలిసేదెట్లా అని అమ్మ అడిగింది. మంచి ప్రశ్న. "ఏం భయం లేదమ్మా, బటన్ బంద్ చేస్తె ఇగ రాయి లెక్క. సూడు" అని స్విచ్చి ఆపి, పళ్ళెం మీద నా అరచెయ్యి పూర్తిగా ఆనించాను. సాపుగా ఆనించాను.

ఆ తర్వాత నేనన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు. కాలిన చోట సిరా మందని, అమ్మ బుడ్డిలోని సిరా మొత్తం నా చేతి మీద పోసింది. తర్వాత పొయ్యి ముందు నిలబడి దాన్ని చాలాసేపు చూసింది. "అచ్చం మీ బాపు లెక్కనే ఉన్నది. మొకం సూస్తె ఏం తెల్వది, దగ్గరికి పోతెనే కాలుతది" అంది. అప్పటినుంచి అమ్మకు ఆ పొయ్యి మీద ఒకరకమైన గౌరవం ఏర్పడింది. ఆపిన తర్వాత కూడా అది చల్లారే దాకా దాని మీద ఒక నీళ్ళ గిన్నె పెట్టి ఉంచేది, ఎవరూ చెయ్యి పెట్టకుండా. నాకంటే ఆమెకే ఎక్కువ తెలివి ఉందని మీరు అనుకుంటున్నారు. నిజమే.

ఇక గిన్నెల సంగతి. మా ఇంట్లో ఉన్నవన్నీ సిల్వర్ గిన్నెలు. అంటే వెండివి అనుకునేరు, అల్యూమినియాన్ని మా దగ్గర అలా అంటారు. అన్నిటి అడుగులూ గుండ్రమే. మూడు రాళ్ళ మధ్య నిలబడటానికి పుట్టిన గిన్నెలు మరి. చెయ్యి మానగానే, ఒక సెలవురోజు పెరట్లో షాబాద్ బండ మీద వాటిని బోర్లించీ వెల్లకిలా వేసీ, వర్క్‌షాపు నుంచి తెచ్చిన చెక్కసుత్తితో కొట్టడం మొదలుపెట్టాను. కొట్టడం, స్కేలు పెట్టడం, వెలుతురు చూడటం, మళ్ళీ కొట్టడం. ఆ చప్పుడుకు బస్తీ ఆడవాళ్ళు కళాయి పోసేవాడు వచ్చాడనుకుని తమ తమ గిన్నెలు పట్టుకుని మా గుమ్మం ముందు వరుస కట్టారు. వాళ్ళను పంపించడానికి అమ్మకు చాలాసేపు పట్టింది.

గిన్నెలు సాపయ్యాయి. స్కేలు కింద వెంట్రుకంత వెలుతురు కూడా లేదు. నేను పొంగిపోయాను. అయితే రేకును కొడితే అది సాగుతుందని, సాగిన రేకుకు ఎటో ఒక వైపు ఉబ్బడం తప్పదని నాకు తెలియక కాదు. వర్క్‌షాపు గేటు దాటగానే మనకు తెలిసినవన్నీ అక్కడే వదిలేసి వస్తాం కదా. మొదటిసారి పాల గిన్నె పెట్టగానే బయటపడింది. గిన్నె కాస్త వేడెక్కగానే అడుగు ఒక్కసారి కిందికి ఉబ్బి "టక్" అంది. గిన్నె ఎగిరి పడింది, మూత జారి దొర్లింది. అమ్మ ఉలిక్కిపడి ఏమిటా చప్పుడని అడిగింది. "వేడికి సర్దుకుంటున్నది" అన్నాను. గిన్నె చల్లారాక అడుగు మళ్ళీ లోపలికి పోయి ఇంకోసారి "టక్" అంది. "ఇప్పుడేంది?" "సల్లకు సర్దుకుంటున్నది."

అప్పటినుంచి మా ఇంట్లో గిన్నెలు మాట్లాడేవి. భోజనాలయ్యాక అందరూ కునుకు తీస్తుంటే అలమారులోంచి ఒక్కొక్కటే టక్, టొక్, టక్. అమ్మ నిద్రలోనే ఏందే అని అడిగేది. "సర్దుకుంటున్నయి అత్తమ్మా" అని సువర్ణ చెప్పేది. కొన్నాళ్ళకు సువర్ణకు ఎంత అలవాటైందంటే, ముందుగదిలో బియ్యం ఏరుతూ చప్పుడును బట్టి అది పప్పు గిన్నెదో పాల గిన్నెదో చెప్పేది. ఈ విద్య నా కొంప ముంచుతుందని అప్పుడు నాకు తెలియదు.

ఇలా ఉండగా బోనాలొచ్చాయి.

మా ఇంట్లో బోనానికి ఒక ఇత్తడి గిన్నె ఉండేది. మా నాయనమ్మది. ఆమె ఎత్తింది, ఆమె తర్వాత అమ్మ ఎత్తింది. అందులోనే పాలు, బియ్యం, బెల్లం వేసి వండి, పైన పసుపు రాసి, బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, మూతలో దీపం వెలిగించి, తల మీద సుట్టబట్ట పెట్టుకుని దాని మీద ఎత్తుకుని గుడికి నడవాలి. అమ్మకు మెడనొప్పి ముదిరింది. ఈసారి సువర్ణ ఎత్తాలంది. కోడలి మొదటి బోనం. కార్వాన్ నుంచి మా అత్తామామలు వస్తున్నారు. బస్తీ ఆడవాళ్ళంతా కొత్త కోడలు ఎలా నడుస్తుందో చూడటానికి సిద్ధంగా ఉన్నారు. దారిలో బోనం కింద పడితే ఏమవుతుందో ఎవరూ చెప్పరు. ఆ మాట నోటితో అనరు. సువర్ణ వారం రోజులు తల మీద నీళ్ళబిందె పెట్టుకుని పెరట్లో అటూ ఇటూ నడిచింది. ఆమె భయం చూస్తే నాకే భయమేసేది.

ఆ వారమంతా ముసురు. కట్టెలు నానిపోయాయి. రేషన్ దుకాణంలో కిరోసిన్ రాలేదు. నాకు సందు దొరికింది. బోనం నా పొయ్యి మీద వండండి, పొగ లేదు, మసి లేదు, సువర్ణ కళ్ళు ఎర్రబడవు అన్నాను. అమ్మ ఒకరోజంతా ఆలోచించింది. చివరకు కోడలి కళ్ళ మాటే పనిచేసింది. కాని ఒప్పుకున్నాక నన్ను పిలిచి ఎదురుగా నిలబెట్టింది.

"యాదగిరీ, పొయ్యి నీదే, ఒప్పుకుంటున్న. గిన్నె మాత్రం నాది. దాని మీద సుత్తె పెట్టకు."

"పెట్టనమ్మా."

"ఒట్టు."

"ఒట్టు."

ఆ ఒట్టు పెట్టినప్పుడు నేను అబద్ధమాడలేదు. నిజంగానే అనుకున్నాను. శనివారం మధ్యాహ్నం అత్తాకోడళ్ళు గాజులకు, పసుపుకుంకుమలకు లాల్‌దర్వాజ వెళ్ళారు. ఇంట్లో నేను, పొయ్యి, గిన్నె. ఊరికే చూద్దామని గిన్నెను పళ్ళెం మీద పెట్టాను. అది నడిమధ్యలో ఒక్కచోట మాత్రమే ఆని, చుట్టూ అంతా గాల్లో ఉంది. వేలితో తడితే ఊయలలా ఊగింది. కళ్ళు మూసుకున్నాను. తెరిచాను. స్కేలు పెట్టాను. స్కేలు కింద వెలుతురు కాదు, తెల్లారింది.

నీళ్ళు పోసి స్విచ్చి వేశాను. ఎంతసేపటికీ గోరువెచ్చదనం దాటలేదు. ఇలాగైతే రేపు బియ్యం ఉడకవు, బోనం ఆలస్యమవుతుంది, సువర్ణ మొహం చిన్నబోతుంది. ఇలా ఆలోచించాను. తప్పు చెయ్యాలనుకున్నప్పుడు మనిషికి పెళ్ళాం మీద ఎంత ప్రేమ పుట్టుకొస్తుందో చెప్పలేను. ఒక్క దెబ్బ, మెత్తగా, మధ్యలో గుడ్డ పెట్టి. అంతే అనుకున్నాను. ఆ ఒక్క దెబ్బకు అడుగు కొంచెం వంకరపోయింది. దాన్ని సరిచెయ్యడానికి ఇంకొకటి. తర్వాత ఎన్నో నాకు లెక్క లేదు. మొత్తానికి సాపైంది. లోపలి కళాయి పోలేదు, పగుళ్ళు రాలేదు. అడుగున మాత్రం సుత్తి దెబ్బలు అమ్మవారు పోసినట్టు కనిపించాయి. చింతపండు, ఉప్పు, బూడిద పెట్టి అవి మాసిపోతాయేమోనని తోమాను. మాసిపోలేదు గాని గిన్నె అద్దంలా మెరిసింది. దాన్ని తెచ్చి పళ్ళెం మీద కూర్చోబెట్టాను. అడుగు కనిపించదు.

అమ్మ వచ్చి చూసి కరిగిపోయింది. పక్కింటి బాలమ్మను పిలిచి మరీ చూపించింది. బాలమ్మ అంటే బస్తీకంతటికీ పెద్ద, బోనాలప్పుడు ఆమె మాటే చట్టం. "మొగపిలగాడు, ఎవ్వలు చెప్పకుంటనే బోనం గిన్నె తోమిండు సూడు" అని అమ్మ కళ్ళు ఒత్తుకుంది. బాలమ్మ నా తల నిమిరింది. సువర్ణ నా వైపు చూసి నవ్వింది. పెళ్ళయ్యాక ఆమె నన్ను చూసి అలా నవ్వడం అదే మొదలు. నాకు భూమి చీలితే బాగుండనిపించింది. కాని షాబాద్ బండలు గట్టివి.

ఆదివారం పొద్దున వంట చాలా బాగా జరిగింది. నేను ఊపిరి బిగబట్టి గుమ్మంలోనే నిలబడ్డాను. వేడెక్కితే గిన్నె టక్ అంటుంది, సువర్ణ చెవులు వినకుండా ఉండవు. సరిగ్గా అది ఉబ్బబోయే సమయానికి వీధిలో డప్పులు మొదలయ్యాయి. గిన్నె అన్నదో లేదో నాకే వినపడలేదు. అమ్మవారే నన్ను కాపాడిందని గుమ్మంలోంచే దండం పెట్టాను. పొయ్యి ఆపాక, అడుక్కి పసుపు నేనే రాస్తానని ముందుకొచ్చాను. నా భక్తికి మా అత్తగారు మురిసిపోయారు. దెబ్బలన్నీ కనపడకుండా దళసరిగా రాశాను.

బోనం లేచింది. సువర్ణ ఎర్రంచు పచ్చచీరలో, తల మీద గిన్నెతో, గిన్నె మీద దీపంతో మెల్లగా అడుగులేస్తోంది. ఒక పక్క అమ్మ, ఒక పక్క బాలమ్మ. వెనక మా అత్తామామలు. డప్పులు, పోతరాజు, వేపాకుల వాసన. సన్నగా చినుకులు పడుతున్నాయి. దీపం ఆరిపోతుందని గొడుగు పట్టబోయాను. అమ్మవారికి గొడుగేమిటని అమ్మ నన్ను పక్కకు నెట్టింది. గొడుగుతో గోడ వైపు జరిగి నడుస్తున్నాను. చినుకులు గిన్నె మీద పడి జారుతున్నాయి. అవి జారడం చూస్తూ చూస్తూ నాకు ఒక్కసారి అసలు సంగతి తట్టింది.

గిన్నె చల్లారుతోంది.

చల్లారితే అది మళ్ళీ సర్దుకుంటుంది. ఎక్కడ సర్దుకుంటుంది? నా పెళ్ళాం నెత్తి మీద. పరుగున వెళ్ళి అమ్మ చెవిలో, జర జల్ది నడవండి అన్నాను. బోనం ఎత్తుకుని ఉరుకుతారా అని అమ్మ కళ్ళెర్రజేసింది. డప్పులవాళ్ళ దగ్గరికి వెళ్ళి, అన్నా గట్టిగా కొట్టండి, అస్సలు ఆపొద్దు అని బతిమాలాను. వాళ్ళకు హుషారొచ్చింది. కాని డప్పుల చప్పుడు చెవులకు వినపడకుండా చేస్తుందేమో గాని, నెత్తికి తెలియకుండా చెయ్యదు కదా.

గుడి ఇంకో మలుపు ఉందనగా "టక్" అంది.

గిన్నె తల మీద ఒక్కసారి ఎగిరి కూర్చుంది. దీపం పక్కకు వంగింది. సువర్ణ ఠక్కున ఆగిపోయి రెండు చేతులతో గిన్నెను పట్టుకుంది. ఇంతసేపూ హాస్యంగా చెప్తున్నాను గాని, ఆ క్షణంలో నాకు నవ్వు రాలేదు. అది పడితే ఈ పిల్ల ఈ బస్తీలో మళ్ళీ తలెత్తుకు తిరగలేదు, చేసింది నేను, పడేది ఆమె అనిపించింది. ఆమె పడనివ్వలేదు. బరువుకు, భయానికి ఒళ్ళంతా వణుకుతున్నా గిన్నెను వదల్లేదు. దీపం మళ్ళీ నిలబడింది.

వణుకుతున్న సువర్ణను బాలమ్మ చూసింది. చెయ్యెత్తింది. డప్పులు ఆగిపోయాయి. "అమ్మ వచ్చింది" అంది బాలమ్మ.

క్షణంలో బస్తీ అంతా చేతులు జోడించింది. ఎవరో సువర్ణ కాళ్ళ మీద పసుపునీళ్ళు పోశారు, ఎవరో చేతికి వేపమండ ఇచ్చారు. మా మామగారు బురదలోనే సాగిలపడ్డారు. బాలమ్మ ముందుకొచ్చి నిలబడి, "తల్లీ, ఏం తప్పు జరిగిందో చెప్పు. ఎవరితోని ఐందో చెప్పు" అని అడిగింది.

సువర్ణ కళ్ళు మూసుకుంది. అప్పుడు ఆమె ఏం ఆలోచించిందో, అసలు ఆలోచించింది ఆమేనో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. మెల్లగా నోరు తెరిచింది. ఎన్నడూ మళ్ళీ అడిగితే గాని వినపడని ఆ గొంతు వీధి చివరిదాకా వినపడింది.

"నా గిన్నె అడుగు కొట్టినోడు ఏడున్నడు?"

జనానికి ఏమీ అర్థం కాలేదు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మా అమ్మకు అర్థమైంది. గిన్నె వైపు చూసింది. పసుపు చినుకులకు కరిగి కారుతోంది. తర్వాత తల తిప్పి, చెయ్యి చాపి, వేలు నా వైపు పెట్టింది. అప్పుడు జనం దారి వదిలారు. నేను వెనక్కి తిరిగి చూశాను. గోడ సంగతి మీకు ముందే చెప్పాను.

గొడుగు మూసి వెళ్ళి నిలబడ్డాను. "కొట్టినవా బిడ్డా?" అని బాలమ్మ అడిగింది. నిన్న తల నిమిరిన చెయ్యి ఇప్పుడు నడుం మీద ఉంది.

"కొట్టలేదు, సాపు చేసిన" అన్నాను. ఆ చెయ్యి నడుం మీదనుంచి కదలకపోయేసరికి, "కింద వెలుతురొస్తున్నది" అని కూడా చెప్పుకున్నాను. నా తరఫున వాదన అంతటితో ముగిసింది.

సువర్ణ కళ్ళు తెరవలేదు. "వాడు ఇగ సుత్తె వట్టుకొని ఇంట్ల గిన్నె ముట్టొద్దు. ముడితే చింతపండు వట్టుకొనే ముట్టాలె. ఇంట్ల గిన్నెలన్ని వాడే తోమాలె."

"అట్లనే తల్లీ, తోముతడు" అని నా తరఫున బాలమ్మే ఒప్పేసుకుంది. "ఎన్నొద్దులు తోమాలె తల్లీ?"

దానికి జవాబు రాలేదు. సువర్ణ కళ్ళు తెరిచి, అప్పుడే నిద్రలేచినట్టు చుట్టూ చూసి, గిన్నె సరిచేసుకుని నడక మొదలుపెట్టింది. డప్పులు అందుకున్నాయి. నేను బస్తీ అందరి ముందూ, అత్తామామల ముందూ, చెవులు పట్టుకుని, సుత్తి ముట్టనని, గిన్నెలు తోముతానని ప్రమాణం చేశాను. బోనం క్షేమంగా గుడి చేరింది. కొత్త కోడలి మీదికి మొదటి బోనానికే అమ్మ వచ్చిందని బస్తీలో సువర్ణ గౌరవం ఆకాశానికెక్కింది. నాది ఎక్కడికి పోయిందో మీరు ఊహించుకోండి.

సాయంత్రం అమ్మ పొయ్యి పక్కన కూర్చుని గిన్నె అడుగును చేత్తో తడుముతూ, "మన ఇంటి గిన్నెల ముచ్చట అమ్మవారి దాక పోయిందిరా" అని మాత్రం అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తర్వాత బాలమ్మ దగ్గరికి వెళ్ళి ఒక ధర్మసందేహం అడిగాను. అమ్మవారు గడువు చెప్పలేదు కదా, ఈ తోముడు ఎప్పటిదాకా అని. బాలమ్మ ఆలోచించి, గడువు చెప్పలేదంటే గడువు లేదనే అర్థమంది. మళ్ళీ వచ్చి ఇంక చాలు అనే దాకా తోమాల్సిందేనట. అమ్మవారు ఆ విషయంగా ఇంతవరకూ మళ్ళీ రాలేదు.

ఆ గిన్నెను మళ్ళీ ఎవరూ సరిచెయ్యలేదు. తర్వాతి ఏడాది నుంచి కట్టెల మీదే వండినా, గుడి మలుపు దగ్గరికి వచ్చేసరికి అది ఒకసారి టక్ అనేది. జనం ఆ చప్పుడు కోసం ఆగి ఉండేవాళ్ళు. వినపడగానే దండాలు పెట్టేవాళ్ళు. నేను కూడా పెట్టేవాణ్ణి, నా భయం నాది.

మొన్న ఇండక్షన్ పొయ్యి ఇంటికి వచ్చింది. దానితో పాటు అడుగు సాపుగా ఉన్న, అయస్కాంతం అంటుకునే గిన్నెలు కూడా కొన్నాం. సువర్ణ వాటితో వంట చేసి, తిన్నాక, అలవాటు ప్రకారం అన్నీ నా ముందు పెట్టింది. తోముతూ తోముతూ ఒక గిన్నె అడుగున స్కేలు పెట్టి చూశాను. పాత బుద్ధి. కొద్దిగా వెలుతురు కనిపించింది. తల ఎత్తితే సువర్ణ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ధైర్యం చేసి, ఎన్నేళ్ళ నుంచో అడగాలనుకున్నది అడిగేశాను.

"నిజం చెప్పు. ఆ రోజు వచ్చింది అమ్మవారేనా, నువ్వేనా?"

సువర్ణ కొంగు సర్దుకుంది. "సుత్తె ముట్టి సూడు, తెలుస్తది" అంది.

కనుక పాఠకులారా, ఇనుము, ఇత్తడి, స్టీలు, సిల్వర్ నాలుగింటి సాక్షిగా, తడి చేతులు తుడుచుకుని, పీట ఎక్కి నిలబడి ప్రమాణం చేస్తున్నాను. పొయ్యికి తగిన గిన్నెను కొనుక్కుంటాను గాని, గిన్నెను పొయ్యికి తగినట్టు కొట్టను. దాని అడుగు పూరీలా ఉబ్బి ఉన్నా, కిందనుంచి పట్టపగలు కనిపిస్తున్నా, నాకు వెలుతురు కనపడలేదనే అంటాను. ఇంకా పెద్ద మాటలతో ముగించేవాణ్ణే గాని, కుళాయిలో నీళ్ళు వచ్చే వేళయింది, గిన్నెలు చాలా ఉన్నాయి.